బస్తర్ ఇప్పసారా: ఇంటి కుండకు ఒక చట్టం, అంగడి సీసాకు మరొకటి

జగదల్‌పూర్: మార్చి నెల సగం గడిచేసరికి బస్తర్ పల్లెల్లో నిద్ర తగ్గిపోతుంది. ఇప్పచెట్టు పూలను రాల్చేది తెల్లవారుజామున. ఎండ ముదిరేలోగా ఏరుకోకపోతే పశువులో, జింకలో, ఎలుగుబంట్లో వాటిని మిగలనివ్వవు. అందుకే చీకటి విడకముందే స్త్రీలు, పిల్లలు, వృద్ధులు గంపలు పట్టుకుని చెట్ల కిందకు చేరుతారు. వేలి కొసంత ఉండి, లేత మీగడ రంగులో మెరిసే ఆ కండగల పువ్వును నొక్కితే తీయటి రసం కారుతుంది. ఏప్రిల్ చివరి వరకు సాగే ఈ పనిలో కుటుంబమంతా పాల్గొంటుంది. ఏ చెట్టు కింద ఎవరు ఏరుకోవాలన్నది కాగితం మీద ఎక్కడా ఉండదు, ఊరివారందరికీ మాత్రం తెలుసు.

ఈ పువ్వులో కొంత వంటకు, కొంత సంతకు పోతుంది. మరికొంత ఇంటి కుండలో నానుతుంది. ఇంట్లోనే వైన్ చేసుకోండంటూ ఇటీవల ఆన్‌లైన్‌లో చవక పెట్టెలు అమ్ముడవుతున్నాయి. మూతకు గాలి గొట్టం అమర్చిన ప్లాస్టిక్ బకెట్, ఈస్టు పొట్లం, రసం తోడే సన్నని పైపు, సాంద్రత చూసే గాజు కొలమానం వాటిలో ఉంటాయి. బస్తర్‌లోని గోండు, మురియా, మారియా, ధుర్వా, హల్బా, భత్రా, దొర్లా ఇళ్లలో ఈ పనికి కావలసినవి మట్టికుండ, వెదురు గొట్టం, సొరకాయ బుర్ర, ఆకు దొన్నె మాత్రమే. ఈస్టును కొననక్కరలేదు. అది పువ్వు మీదే ఉంటుంది.

నగరవాసికి ఇది సరదా అయితే బస్తర్ కుటుంబానికి ఆచారం, ఆహారం, ఆదాయం. అంతకుమించి ఇది నూట పాతికేళ్లుగా ప్రభుత్వాలకూ అడవి పల్లెలకూ మధ్య నలుగుతున్న హక్కుల వ్యవహారం. ఇంట్లో కాచుకుంటే అనుమతి, సంతలో అమ్మితే కేసు, అదే పానీయాన్ని లైసెన్సున్న కంపెనీ సీసాలో పోసి అమ్మితే వారసత్వ సంపద. ఈ మూడు నియమాలు ఒకే పువ్వుకు ఎలా వర్తిస్తున్నాయో తెలియాలంటే ముందు ఆ కుండలో జరిగేదేమిటో చూడాలి.

పువ్వు నుంచి పానీయం దాకా

ఏరిన పువ్వును ఇంటి ముందు అలికిన నేల మీద మూడు నాలుగు రోజులు ఎండబెడతారు. తడి ఆరి, రంగు మారి, ఎండుద్రాక్షలా ముడుచుకుపోయాక గాదెల్లో, బుట్టల్లో దాచుతారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. సరిగా ఎండకపోతే తొలకరి తేమకే బూజు పడుతుంది. కనుక సారా రుచిని నిర్ణయించే మొదటి మెట్టు ఈ ఆరుబయటి ఎండే. నేల మీద ఏరిన పువ్వుకు అంటిన మట్టి, ఆకుల నలుసు కూడా ఆ రుచిలో చేరతాయి. సీసా సారా చేసే కంపెనీలు వల కట్టి పట్టిన శుభ్రమైన పువ్వుకు ఎక్కువ ధర ఇవ్వడానికి కారణం ఇదే.

ఎండిన పువ్వును కుండలో నీళ్లు పోసి నానబెడతారు. వేసవిలో నాలుగైదు రోజులు చాలు. చలికాలంలో వారం, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. పువ్వులోని చక్కెరను ఈస్టు తిని ఆల్కహాల్‌ను, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. బుడగలు లేస్తాయి, పువ్వు పైకి తేలుతుంది, వాసన తీపి నుంచి పులుపుకు మారుతుంది. బుడగలు తగ్గి పువ్వు అడుగుకు దిగితే పులియడం పూర్తయినట్టు. ఈ దశలో కుండలో ఉన్నది శాస్త్రపరంగా వైనే. ద్రాక్షకు బదులు ఇప్పపువ్వు, అంతే తేడా. చవక పెట్టెలతో నగరాల్లో చేసుకునేది ఇక్కడితో ఆగిపోతుంది.

బస్తర్ ఇల్లు ఇంకో అడుగు వేస్తుంది. పులిసిన రసాన్ని పొయ్యి మీదకు ఎక్కిస్తారు. కుండ మూతికి మరో పాత్ర బోర్లించి, అతుకును తడి మట్టితోనో గుడ్డతోనో మూసి, పక్కనుంచి వెదురు గొట్టాన్ని తీసి వేరొక పాత్రలోకి దింపుతారు. ఆ రెండో పాత్ర చన్నీళ్లలో ఉంటుంది. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరవుతుంది, నీటికి వంద డిగ్రీలు కావాలి. ఆ తేడా వల్ల ముందుగా లేచే ఆవిరిలో ఆల్కహాల్ పాలు ఎక్కువ. అది గొట్టంలో సాగి, చల్లబడి, చుక్కలు చుక్కలుగా దిగుతుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ మారుస్తూ ఉండాలి. అందుకే బట్టీ చాలా చోట్ల వాగు ఒడ్డునే కనిపిస్తుంది. మంట పెరిగితే రసం మాడి సారాకు కమురు వాసన వస్తుంది, తగ్గితే చుక్క ఆగిపోతుంది. ఉష్ణమాపకం లేని ఈ పనిలో కొలమానం కాచే మనిషి అనుభవమే. మొదట దిగినది ఘాటుగా ఉంటుంది, పోనుపోను పలచబడుతుంది. రెంటినీ ఏ పాళ్లలో కలపాలన్నది ఆ ఇంటి అలవాటు. కనుక ఇప్పసారా బలం ఇంతని ఒక్క అంకెతో చెప్పే వీలులేదు. సీసా మద్యానికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడాల్లో ఇదొకటి. కాచాక మిగిలిన పిప్పి పశువులకు మేత.

కాచడం చాలా ఇళ్లలో స్త్రీల పని. వార సంతల్లో అమ్మేదీ ఎక్కువగా వారే. వచ్చిన డబ్బుతో ఉప్పు, నూనె, పిల్లల పుస్తకాలు కొంటారు. బస్తర్ సంతలో సారా కుండ ముందు కూర్చున్న స్త్రీ నేరస్థురాలిగా కాక ఓ చిరు వ్యాపారిగానే కొనేవారికి కనిపిస్తుంది. చట్టం చూపు వేరు.

ప్రమాదం ఎక్కడుంది

ఇంట్లో కాచిన సారా అనగానే తెలుగు పాఠకులకు గుడుంబా గుర్తుకొస్తుంది. కుళ్లిన బెల్లం, నవసారం, పటిక, కొన్ని చోట్ల యూరియా వంటివి వేసి త్వరగా పులియబెట్టి అమ్మకం కోసం కాచే సరుకు అది. ఇప్పసారాను దానితో ఒకే గాటన కట్టడం సరికాదు. పులియడానికి కావలసిన చక్కెర, ఈస్టు పువ్వులోనే ఉన్నప్పుడు రసాయనాలు కలిపే అవసరం లేదు. అయితే గిరాకీ పెరిగి, రోజులు ఆగలేని వ్యాపారి బట్టీ పెడితే ఇప్పసారా కూడా గుడుంబాగా మారే అవకాశం లేకపోలేదు.

ప్రాణాలు తీసేది మిథనాల్. పండ్లు, పూలలోని పెక్టిన్ వల్ల సహజంగా పులిసేటప్పుడూ ఇది కొద్దిగా తయారవుతుంది. ఆ కొద్దిపాటి మోతాదుతో సామూహిక మరణాలు సంభవించవు. 2022 జులైలో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతంలో నలభై మందికి పైగా, 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా మరణించింది పరిశ్రమల అవసరాలకు తయారైన మిథనాల్ మద్యం పేరుతో జనంలోకి రావడం వల్లనే. ఆ రెండు చోట్లా విషం ఇంటి కుండలో పుట్టినది కాదు, బయటి నుంచి వచ్చినది. అయినా ఇంటి కుండ పూర్తిగా నిరపాయకరమని చెప్పడానికి లేదు. మట్టికుండ స్థానంలో పాత డబ్బాలు, సీసం అతుకులున్న లోహపు గొట్టాలు వాడితే పులుపు, వేడి కలిసి ఆ లోహాలను సారాలోకి దింపుతాయి. వెదురు గొట్టానికి ఆ దోషం లేదు. పాత పద్ధతిని మెచ్చుకోవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కరలేదు.

బియ్యపు కుండ, జీలుగు చెట్టు

బస్తర్ ఇంటి పానీయం ఇప్పసారా ఒక్కటే కాదు. బియ్యంతో చేసే లాందా ఉంది. నానబెట్టిన బియ్యాన్ని పిండి కొట్టి, ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తించి ఎండబెట్టిన మొక్కజొన్న పొడితో కలిపి కుండలో నీళ్లు పోసి ఉంచుతారు. కొన్ని రోజులకు చిక్కగా, పుల్లగా, అంబలిని పోలిన పానీయం తయారవుతుంది. ఇందులో మొక్కజొన్న మొలకల పాత్ర ఆసక్తికరం. బియ్యంలో ఉన్నది పిండిపదార్థం. ఈస్టు దాన్ని నేరుగా తినలేదు. గింజ మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైములు ఆ పిండిని చక్కెరగా విడగొడతాయి. ఐరోపాలో బార్లీ గింజను మొలకెత్తించి బీరు చేయడంలో ఉన్నదీ ఇదే సూత్రం. లాందాను కాచరు కనుక దాని మత్తు తక్కువ. పొలం పనిలో ఆకలి తీర్చే తిండిగా కూడా చెల్లుతుంది.

మూడోది సల్ఫీ. తెలుగు ఏజెన్సీ ప్రాంతాల్లో దీన్ని జీలుగు కల్లు అంటారు. పాడేరు, రంపచోడవరం వైపు వారికి ఆ చెట్టును పరిచయం చేయనక్కరలేదు. చేప తోకను పోలిన ఆకులతో నిటారుగా పెరిగే తాటి కుటుంబపు చెట్టు ఇది. గెలను కోసి కుండ కడితే ఉదయం, సాయంత్రం కల్లు దిగుతుంది. తెల్లవారుజామున తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులిసి మత్తెక్కుతుంది. నాటిన చెట్టు కల్లు ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. ఇచ్చే కాలమూ పరిమితమే. అందుకే బస్తర్‌లో సల్ఫీ చెట్టు ఆస్తి లెక్కలోకి వస్తుంది. అన్నదమ్ముల పంపకాల్లో చెట్టు ఎవరికన్నది తేలాలి, కూతురి పెళ్లిలో చెట్టును కానుకగా ఇచ్చే ఆనవాయితీ ఉంది. కొన్నేళ్లుగా ఎండుతెగులు సోకి ఈ చెట్లు నిలువునా చనిపోతున్నాయి. సారా మీద నిషేధం విధిస్తే కుండను దాచుకోవచ్చు. చచ్చిపోయిన చెట్టుకు అలాంటి దారి లేదు.

ఈ మూడింటిలో ఏది తాగినా మొదటి చుక్కలు నేలకు దక్కాలి. దేవతకు, పూర్వీకులకు పోసిన తరువాతే మనుషుల వంతు. పుట్టుక, పెళ్లి, చావు, విత్తనాల పండుగ, తగవుల పరిష్కారం, ఏ సందర్భమూ ఆకు దొన్నెలో ఇప్పసారా లేకుండా ముగియదు. ఇంటి తయారీకి చట్టంలో మినహాయింపు రావడానికి ప్రభుత్వాలు చెప్పిన కారణం కూడా ఈ ఆచారమే.

నిషేధానికి మొదటి జవాబు

ఇప్పపువ్వు మీద ప్రభుత్వ కన్ను పడింది వలస పాలనలో. మద్యం మీద సుంకం ఖజానాకు ముఖ్య ఆదాయమైనప్పుడు ఎవరికి వారు ఇంట్లో కాచుకోవడం ఆ ఆదాయానికి గండి. బొంబాయి రాష్ట్రంలో 1878 నాటి ఆబ్కారీ చట్టం తయారీని కట్టడి చేసింది. అది చాలదన్నట్టు 1892లో ఇప్పపువ్వు సేకరణ, నిల్వల మీదనే ఆంక్షలు పెడుతూ ప్రత్యేక చట్టం వచ్చింది. ఆకలి రోజుల్లో ఉడికించుకుని తినే పువ్వును సారా ముడిసరుకుగా మాత్రమే చూసిన చట్టం అది.

బస్తర్ సంస్థానంలో ఇదే ధోరణి వేరే రూపంలో వచ్చింది. 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని వలస ప్రభుత్వం ప్రతిపాదించింది. పోడు, వేట, అటవీ ఉత్పత్తుల సేకరణకు అడ్డుకట్టలు పడ్డాయి. వెట్టిచాకిరీ, అధికారుల దౌర్జన్యం వాటికి తోడయ్యాయి. మద్యాన్ని కంట్రాక్టర్ల చేతికిచ్చి ఇంటి బట్టీలను మూయించారు. 1910 ఫిబ్రవరిలో రాజుకున్న భూంకాల్ తిరుగుబాటుకు మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు సందేశాలుగా ఊరూరా తిరిగాయని చరిత్ర చెబుతోంది. నేతానార్‌కు చెందిన గుండాధూర్ పేరు ఆ పోరాటానికి ప్రతీకగా నిలిచింది. తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వానికి దాదాపు మూడు నెలలు పట్టింది. రిజర్వు చేయదలచిన అటవీ విస్తీర్ణాన్ని ఆ తరువాత సుమారు సగానికి తగ్గించుకోక తప్పలేదు. గుండాధూర్ మాత్రం చిక్కలేదు. తిరుగుబాటు కారణాలను విచారించిన అధికారుల జాబితాలో అడవి ముందు వరుసలో ఉంది, ఇంట్లో సారా కాచడంపై నిషేధం కూడా అందులో చోటు చేసుకుంది.

ఇదే జిల్లాలను మరో కోణంలో చూసిన వ్యక్తి వెరియర్ ఎల్విన్. 1943లో వెలువడిన అధ్యయనంలో ఆయన బస్తర్ మారియాల వంద హత్య కేసులను పరిశీలించారు. హత్యలకు దారితీసిన కారణాల్లో తాగిన మైకం కూడా ఉంది. ఆదివాసీ ఆచారాలను అభిమానించిన పరిశోధకుడే ఈ మాట దాచలేదు. ఇంటి సారాను కేవలం సంస్కృతిగా వర్ణించేవారు ఈ కోణాన్ని దాటవేయడం తరచుగా కనిపిస్తుంది.

ఎవరికి మినహాయింపు, ఎంతవరకు

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం మద్యం తయారీ, నిల్వ, అమ్మకం రాష్ట్రాల జాబితాలోని అంశాలు. కనుక ఒకే పనికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నియమం. ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పటికీ మూలచట్టం 1915 నాటి ఎక్సైజ్ చట్టమే. దాని ప్రకారం లైసెన్సు లేని తయారీ నేరం. 1970ల మధ్యలో కేంద్రం ఆదివాసీ ప్రాంతాల మద్యం విధానంపై రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. వాణిజ్యపరమైన మద్యం దుకాణాలను ఆ ప్రాంతాల నుంచి తొలగించాలని, సంప్రదాయ పానీయాలను సొంత వాడకానికి చేసుకునే వీలు ఆదివాసీలకు ఇవ్వాలని వాటి సారాంశం. అప్పట్లో బస్తర్ అంతర్భాగమైన మధ్యప్రదేశ్ మినహాయింపు ఇచ్చింది. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ దాన్ని కొనసాగించింది. షెడ్యూల్డ్ తెగల కుటుంబాలు సొంత అవసరానికి, ఆచారాలకు ఐదు లీటర్ల వరకు ఇంటి సారా ఉంచుకోవచ్చు. అమ్మకం మాత్రం ఈ మినహాయింపులో లేదు.

చిక్కంతా అక్కడే ఉంది. పెళ్లికి వచ్చిన బంధువులకు ఐదు లీటర్లు ఏ మూలకు? సంతలో దొన్నెకు కొన్ని రూపాయలు తీసుకున్న స్త్రీ సొంత వాడకందారా, అమ్మకందారా? ఈ ప్రశ్నలకు జవాబు చట్టం పుస్తకంలో కన్నా తనిఖీకి వచ్చిన సిబ్బంది విచక్షణలో ఎక్కువగా ఉంటుంది. మరోవైపు 2017 ఏప్రిల్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లో మద్యం చిల్లర అమ్మకాన్ని ప్రభుత్వ సంస్థే చేపట్టింది. దుకాణంలో అమ్ముడయ్యే ప్రతి సీసా మీద ఖజానాకు పన్ను వస్తుంది. ఇంటి కుండ నుంచి రాదు. అమ్మేదీ ప్రభుత్వమే, పట్టుకునేదీ ప్రభుత్వమే అయినప్పుడు చిన్న కుండ మీద చూపే కఠినత్వం ఆరోగ్యం కోసమా, ఆదాయం కోసమా అన్న అనుమానం కలగడం సహజం.

1996 నాటి పెసా చట్టం ఇంకో తలుపు తెరిచింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీలకు దక్కాలని అది చెప్పింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యాన్ని కూడా వాటికే అప్పగించింది. అంటే పువ్వు మీదా, పువ్వుతో చేసే పానీయం మీదా మాట చెల్లవలసింది ఊరిదే. ఈ చట్టం అమలుకు ఛత్తీస్‌గఢ్ నియమాలను నోటిఫై చేసింది 2022 ఆగస్టులో, అంటే చట్టం వచ్చిన ఇరవై ఆరేళ్లకు.

సుక్మా జిల్లా కొంటా దాటి శబరి నది వెంట ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు వైపు వస్తే చెట్టు మారదు, భాష కొద్దిగా మారుతుంది, చట్టం పూర్తిగా మారుతుంది. దొర్లా, కోయ కుటుంబాలకు సరిహద్దుకు రెండు వైపులా బంధువులున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నాటుసారా కాయడం నేరం. ఈ కఠినత్వానికి ఓ నేపథ్యముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబర్ 1న సారా నిషేధం అమల్లోకి వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అయితే ఆ స్త్రీలు ఎదిరించినది కంట్రాక్టర్లు ఊరూరా దించిన ప్యాకెట్ సారాను, దానివల్ల ఇంటికి చేరని కూలి డబ్బును. ఏడాదికోసారి దేవతకు పోసే కుండ వారి పోరాట లక్ష్యం కాదు. తరువాతి చట్టాలకు ఆ తేడా పట్టలేదు.

ఆన్‌లైన్‌లో వైన్ పెట్టె కొనాలనుకునే నగరవాసికీ ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. బకెట్, ఈస్టు, గాజు గొట్టం కొనడంలో తప్పులేదు. వాటితో ద్రాక్షరసాన్ని పులియబెడితే మాత్రం చాలా రాష్ట్రాల్లో అది లైసెన్సు లేని మద్యం తయారీ అవుతుంది. 2019 క్రిస్మస్ ముందు ఇళ్లలో వైన్ చేయడం నేరమేనని కేరళ ఎక్సైజ్ శాఖ గుర్తుచేసినప్పుడు తరతరాలుగా పండుగ వైన్ చేస్తున్న కుటుంబాలు ఉలిక్కిపడ్డాయి. బస్తర్ ఆదివాసీకి ఉన్న మినహాయింపు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ వాసికి లేదు.

సీసాలోకి చేరితే

ఈ మధ్యకాలంలో ఇప్పసారాకు కొత్త గౌరవం వచ్చింది. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు, 2016లో వారసత్వ పానీయం హోదా దక్కాయి. అస్సాం దిమాసాల బియ్యపు పానీయం జుదిమాకు 2021లో భౌగోళిక గుర్తింపు లభించింది. అదే దారిలో మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా ప్రకటించి, అలీరాజ్‌పూర్, దిండోరి జిల్లాల్లో ఆదివాసీ స్వయం సహాయక బృందాలకు తయారీ అప్పగించింది. మోండ్, మొహులో పేర్లతో అవి సీసాల్లో వస్తున్నాయి. అంతకు ముందే, 2018లో డెస్మండ్ నజరెత్ అనే ఔత్సాహికుడి సంస్థ ఇప్పసారాను గోవా విపణిలో ప్రవేశపెట్టింది. దాన్ని కాచే బట్టీ ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు ప్రాంతంలో ఉండటం విశేషం. నాటుగా కాస్తే నేరమైన రాష్ట్రంలో, లైసెన్సుతో కాస్తే పొరుగు రాష్ట్రాల బార్లకు చేరే సరుకు.

ఇందులో సంతోషించవలసింది ఉంది, లెక్క చూడవలసిందీ ఉంది. ఛత్తీస్‌గఢ్ ఎండు ఇప్పపువ్వు మద్దతు ధరను కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెంచింది. ధర పెరిగినా సేకరించే కుటుంబానికి నిల్వ చేసే వసతి లేదు. వేసవిలో డబ్బు అవసరం ఎక్కువ, వ్యాపారి గుమ్మం ముందే ఉంటాడు. ఏప్రిల్‌లో అమ్మిన పువ్వునే వానాకాలంలో పండుగ కోసం ఎక్కువ ధరకు తిరిగి కొనుక్కోవడం అడవి పల్లెల్లో కొత్త కాదు. సీసా ధరలో పువ్వు ఏరిన స్త్రీకి దక్కే వాటా ఎంతన్నదే వారసత్వం అనే మాటకు అసలు పరీక్ష. బృందాలే బట్టీ యజమానులైన మధ్యప్రదేశ్ నమూనా ఈ లెక్కలో కంపెనీ నమూనా కన్నా మెరుగ్గా కనిపిస్తుంది. పన్నులు, సీసాలు, పంపిణీ భారం తట్టుకుని ఆ బృందాలు నిలదొక్కుకోవలసి ఉంది.

పువ్వును సారా వైపు కాక తిండి వైపు మళ్లించే ప్రయత్నాలూ సాగుతున్నాయి. 2021 జులైలో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా, సర్గుజా అడవుల నుంచి సేకరించిన ఎండు ఇప్పపువ్వు ఓడలో ఫ్రాన్స్‌కు వెళ్లింది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ స్త్రీల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోంది. పువ్వును ఉడికించి, వేయించి తినడం అడవి ఇళ్లకు ఎన్నడో తెలుసు. సారా మాటున ఆ తిండి సంగతి బయటివారు మరిచారంతే.

తయారీ పద్ధతుల కన్నా ముందు కాపాడుకోవలసినది చెట్టును. పువ్వు స్పష్టంగా కనబడాలని చాలా చోట్ల చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. ఆ మంట ఒక్కోసారి అడవిలోకి పాకుతుంది. చెట్టు కింద మొలిచిన ఇప్ప మొక్కలు ఏటా ఆ మంటలోనే పోతాయి. పెద్ద చెట్లు ముదురుతున్నాయి, వాటి స్థానంలోకి వచ్చే లేత చెట్లు తక్కువ. కొమ్మల కింద వల కట్టి పువ్వు పట్టే పద్ధతిని అటవీ శాఖ, సహకార సంఘాలు ప్రోత్సహిస్తున్నాయి. వల ఉంటే నిప్పు అక్కరలేదు, పువ్వుకు మట్టి అంటదు, చీకట్లో ఎలుగుబంటి ఎదురుపడే భయమూ తగ్గుతుంది. వల ఖరీదు ఎవరు పెట్టాలన్న దగ్గరే పని ఆగుతోంది.

ఏప్రిల్ చివరికి చెట్లు పూత ముగించి కొత్త ఆకు తొడుగుతాయి. మే, జూన్‌లలో కాయ రాలుతుంది, గింజ నుంచి వంటకూ దీపానికీ నూనె తీస్తారు. అప్పటికి ఎండిన పువ్వు గాదెలో ఉంటుంది. అందులో ఎన్ని బుట్టలు వ్యాపారికి తూచాలో, ఎన్ని విత్తనాల పండుగ కుండకు ఉంచాలో ప్రతి ఇల్లూ తొలకరికి ముందే తేల్చుకోవాలి.